డబ్బా నంబరు నూట అరవై

రోజు 1
కనిష్ఠం 49.1. గరిష్ఠం 50.3. ఆకాశం: తెరపి.

కరెంటు ముల్లు లెక్కలు రాసే ఈ పుస్తకంలో రిమార్కుల గడి రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. నా నోరు అంతకంటే పెద్దది. అందుకని ఇవాళ్టి నుంచి ఎడమవైపు పేజీ కూడా నాదే. తనిఖీకి ఎవరైనా వచ్చి అడిగితే అప్పుడు చూసుకుందాం. వాళ్లు వచ్చి పదకొండేళ్లయింది.

ఇవాళ మా ఫిట్టర్ ఓదేలును ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. డాక్టరమ్మ ఊపిరి మిషన్ బిగించి, నలభై రోజులు ఇది ఆగకూడదని చెప్పింది. ఆ తర్వాత ఊపిరితిత్తులు తమ పని తాము చూసుకుంటాయట. మిషన్‌కు ఊగే కరెంటు పడదు. ముల్లు 48.5 కంటే కిందికి పడితే అది ఆగిపోతుంది. లోపల ఒక పాత బ్యాటరీ ఉంది, పన్నెండు నిమిషాలు లాగుతుంది.

"పన్నెండంటే పన్నెండేనా డాక్టరమ్మా?" అన్నాను.

"పదకొండనుకో సరోజనా" అంది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

ఓదేలు మాట్లాడలేడు. రెండు మాటలకే దగ్గు తెర కమ్ముతుంది. పలక మీద రాసి చూపిస్తున్నాడు. నన్ను చూడగానే రాశాడు: "ముల్లు ఎంత?" మంచంలో పడి ఉన్నవాడు అడగాల్సిన మాటేనా అది! యాభై అని చెప్పాను. నిజానికి అప్పుడు 49.6 ఉంది.

రోజు 2
కనిష్ఠం 49.0. గరిష్ఠం 50.4. ఆకాశం: పల్చటి మబ్బు.

రేపు నేను లేకపోతే ఈ పుస్తకం ఎవరి చేతికి పోతుందో తెలియదు గనక కొంచెం రాసి పెడతాను.

మా లోతూరు బొగ్గంతా తీసేసిన పెద్ద గుంత. గుంత చుట్టూ మెట్లు, మెట్ల మీద నూట అరవై ఇళ్లు. కరెంటు పైన అంచు మీదున్న సోలార్ పలకల నుంచి వస్తుంది, రాత్రికి బ్యాటరీల గది ఉంది. మబ్బు పట్టినప్పుడల్లా కరెంటు తగ్గి, ముల్లు యాభై నుంచి కిందికి జారుతుంది. అది ఒక్కసారిగా జారకుండా పట్టేవి గుంత అడుగున తిరిగే ఇనుప చక్రాలు. పాత థర్మల్ స్టేషన్‌లోంచి ఊడదీసి తెచ్చినవి, ఒక్కోటి ఇల్లంత బరువు. అవి కరెంటు పుట్టించవు. ఇసుర్రాయిని చెయ్యి వదిలేసినా ఇంకో రెండు చుట్లు తిరుగుతుంది కదా, అలాగే ఇవి తమ ఊపులోంచి కొంచెం కొంచెం ఇస్తాయి.

రెండు చక్రాలుండేవి. ఇప్పుడు ఒక్కటే. మూడు నెలల కింద ఉత్తరం చక్రం బేరింగ్ కాలిపోయింది. అది ఎగిరి బయటపడితే కింది మెట్టు మీదున్న ఇళ్లన్నీ పోయేవి. ఫిట్టర్ ఓదేలు ఆ నూనె పొగలోకి వెళ్లి, నలభై నిమిషాలు చేత్తో బ్రేకు తిప్పి దాన్ని ఆపాడు. ఆ కింది మెట్టు మీదే నా ఇల్లు. ఇంతకంటే రాయడానికి నాకు చేతకావడం లేదు.

రోజు 3
కనిష్ఠం 49.2. గరిష్ఠం 50.3. ఆకాశం: తెరపి.

మంచి పని చేశాను. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను, ఇంకెవరూ లేరు కాబట్టి.

మా దగ్గర భుజం పట్టడం అనే అలవాటుంది. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక ముల్లు ఉంటుంది. అది 49.3 దగ్గరున్న ఎర్ర గీత కిందికి పోయిందని ఎవరు చూస్తే వాళ్లు పొయ్యో, పంపో, ఫ్రిజ్జో బంద్ చేస్తారు. ముల్లు లేచాక మళ్లీ వేసుకుంటారు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మబ్బు పట్టినప్పుడల్లా ఉత్తరం చక్రం లేని లోటును ఇన్నాళ్లూ ఈ భుజాలే పూడ్చాయి.

కానీ గుమ్మం దగ్గర నిలబడి ముల్లును చూస్తూ కూర్చునేదెవరు? ఒకరు చూస్తారు, పది మంది చూడరు. ఓదేలు మిషన్ మీద ఉండగా అలా కుదరదనుకున్నాను. అందుకే ఇంటింటికీ ఒక గంట పెట్టించాను. ముల్లు గీత తాకగానే నూట అరవై గంటలూ ఒకేసారి మోగుతాయి. పాత టెలిఫోన్ తీగ ఊరంతా లాగడానికి ముప్పై మంది వచ్చారు. ఎవరూ కూలి తీసుకోలేదు. మంచినీళ్లు కూడా వాళ్లే తెచ్చుకున్నారు.

సాయంత్రం గంట మోగింది. మొత్తం ఊరు ఒక్క చెయ్యిలా స్విచ్ కట్టేసింది. ముల్లు ఎగిరి లేచింది. నాకు కళ్ల నీళ్లు వచ్చాయి.

రోజు 6
కనిష్ఠం 48.9. గరిష్ఠం 50.9. ఆకాశం: తెరపి, నాలుగున్నరకు నీడ.

గుంతలో పొద్దు నాలుగున్నరకే పోతుంది. పొయ్యిలన్నీ అప్పుడే అంటుకుంటాయి. ఇవాళ ఆ వేళకు ముల్లు పడింది, లేచింది, మళ్లీ పడింది. ఎప్పుడూ ఒక్కసారి పడి సర్దుకునేది. ముల్లు కదలికను గీసే కాగితం చుట్ట మీద పెన్ను ఉయ్యాల బొమ్మ గీసింది. ఒక ఊపుకు నలభై సెకన్లు.

చక్రం దగ్గరికి దిగి బేరింగ్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. దానికి దండం పెట్టి పైకొచ్చాను.

రోజు 9
కనిష్ఠం 48.8. గరిష్ఠం 51.2. ఆకాశం: తెరపి.

ఊపు పెరుగుతోంది. మబ్బు లేని రోజు కూడా! ఎవరో ఆ వేళకు పెద్ద మోటారు వేస్తూ తీస్తూ ఉంటే తప్ప ఇలా కాదు. ఊళ్లో పెద్ద మోటారు ఒక్కటే ఉంది, యాకూబ్ పిండి గిర్ని.

నేరుగా వెళ్లాను. గిర్ని ముందు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి, పది మంది ఆడవాళ్లున్నారు. అందరి ముందూ నోరు పారేసుకున్నాను.

"ఓదేలు ఆడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, నువ్వు ఈడ మోటరుతోని ఆటలాడుతున్నవా?"

యాకూబ్ చేతులకు పిండి దులుపుకున్నాడు. "అక్కా, నీ గంట మోగంగనే ఊళ్లె అందరికన్న ముందు గిర్ని బంద్ చేసేది నేనే" అన్నాడు. "నమ్మకం లేకుంటే చెప్పు, పొద్దుగూకినంక వారం రోజులు గిర్నే తెరువ."

"తెరువకు" అన్నాను.

రోజు 12
కనిష్ఠం 48.8. గరిష్ఠం 51.3. ఆకాశం: తెరపి.

మూడు రోజులుగా సాయంత్రం గిర్ని మూసే ఉంది. ఊపు అలాగే ఉంది. యాకూబ్ ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే పై మెట్టు ఎక్కి చుట్టూ తిరిగి వస్తున్నాను. మోకాళ్ల నొప్పులు. తగిన శాస్తి.

రోజు 14
కనిష్ఠం 49.1. గరిష్ఠం 50.4. ఆకాశం: వాన.

వాన పడింది, పలకలు సగం చీకటి. ముల్లు చావాల్సిన రోజు. అయినా ఒక్కసారి పడింది, కొంచెం ఊగింది, సర్దుకుంది. ఎందుకో అర్థం కాలేదు. ఎవరికి దండం పెట్టాలో తెలియక అన్ని దిక్కులకూ పెట్టాను.

ఓదేలు పలక మీద "ముల్లు ఎంత?" అని రాస్తే మొదటిసారి నిజం చెప్పాను.

రోజు 15
కనిష్ఠం 48.7. గరిష్ఠం 51.4. ఆకాశం: తెరపి.

నిన్నటి వానకు తూర్పు మెట్ల మీద గంట తీగ తెగిపోయిందని ఇవాళ తెలిసింది. డెబ్బై ఇళ్లలో గంట మోగలేదు. పొద్దున్నే వెళ్లి అతుకు వేసి వచ్చాను. సాయంత్రం అన్ని గంటలూ మోగాయి.

రోజు 19
రాయలేను.

అయినా రాయాలి. 4.42కి ముల్లు పడింది. గంట మోగింది. 51.6కి లేచింది. 48.7. 51.9. 48.3. మెయిన్ రిలే కొట్టేసింది. లోతూరంతా ఆగిపోయింది.

మళ్లీ నిలబెట్టడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ముందు బ్యాటరీల గది, తర్వాత చక్రం, ఆ తర్వాత ఒక్కొక్క మెట్టు. తొందరలో మూడో స్విచ్ రెండుసార్లు జారింది. ఓదేలు ఇల్లు పడమటి మెట్టు చివర ఉంది, దానికి కరెంటు ఆఖరున అందింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి అతని భార్య భాగ్య మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. బ్యాటరీ దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. ఓదేలు పెదాలు నల్లబడి ఉన్నాయి. బతికి ఉన్నాడు.

భాగ్య నా వైపు తిరగకుండా ఓదేలు చేతులు రుద్దుతూనే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

రోజు 20
కనిష్ఠం 48.6. గరిష్ఠం 51.7. ఆకాశం: తెరపి.

పొద్దున యాకూబ్ గిర్నికి వెళ్లాను. ఈసారి పై మెట్టు చుట్టూ తిరగకుండా, తల దించుకుని నేరుగా వెళ్లాను.

"తప్పయింది తమ్మీ" అన్నాను. "పది మందిలో అన్న, పది మందిలోనే చెప్తున్న. నా మాట వెనక్కి తీసుకుంటున్న."

"కూసో అక్కా" అన్నాడు అంతే. చాయ్ తెప్పించాడు. ఆ మనిషికి నేనెంత రుణపడ్డానో ఆ చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు తెలిసింది.

అక్కడే కూర్చున్నాను. కొత్తగా వచ్చిన ఒకామె తొందరలో డబ్బా ఎత్తి తొట్టిలో పోయబోయింది. ముందు పోసినామె జొన్నలే ఇంకా దిగలేదు. యాకూబ్ గట్టిగా అన్నాడు, "ఆగు పెద్దమ్మా! నీ నంబర్ రానియ్యి. అందరు ఒక్కపారే పోస్తే గిర్ని గుంజది, బెల్టు తెగుతది. నీ జొన్నలు మంచియే, ఆమె జొన్నలు మంచియే, కానీ ఒక్కపారి పోస్తే చెడ్డయే."

గ్లాసు కింద పెట్టి లేచాను.

ఒక్క పరుగున నేను ముల్లు చూసే క్యాబిన్‌కు వచ్చి కాగితం చుట్ట మొత్తం నేల మీద పరిచాను. మూడో రోజుకు ముందు ఉయ్యాల లేదు. మూడో రోజు నేను గంటలు పెట్టాను. పద్నాలుగో రోజు డెబ్బై గంటలు మోగలేదు, ఆ ఇళ్లవాళ్లు ఎప్పటిలాగే ఒకరు చూసి ఒకరు చూడక, ముందూ వెనకా భుజం పట్టారు. ఆ రోజు ఉయ్యాల లేదు. పదిహేనో రోజు నేను బుద్ధిగా తీగ అతికాను.

గంట మోగగానే నూట అరవై ఇళ్లూ ఒకే సెకనులో బంద్ చేస్తే ముల్లు ఎగిరి ఆకాశానికి పోతుంది. అందరూ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు, ముల్లు లేవగానే అందరూ ఒకేసారి మళ్లీ వేస్తారు, అది పాతాళానికి పోతుంది. ఒక్క చక్రం ఎంతకని ఆపుతుంది? ఓదేలు ఊపిరి ఆపుతున్నది దొంగ మోటారు కాదు. అతని మీద ఊరికున్న ప్రేమ. దాన్ని ఒకే గంటకు కట్టిందాన్ని నేను.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు, పని ఉంది.

రోజు 21
కనిష్ఠం 49.0. గరిష్ఠం 50.8. గంటలు కట్టేసి ఉంచాను.

గిర్ని ముందు ఊరంతా కూడింది. ఉన్నదున్నట్టు చెప్పాను, తప్పు నాదేనని మొదటే చెప్పాను. తర్వాత కొత్త పద్ధతి చెప్పాను. ప్రతి ఇంటి గిర్ని డబ్బా మీద రంగుతో నంబరు ఉంటుంది, ఊళ్లోకి ఎవరు ముందు వస్తే వాళ్లకు ముందు నంబరు. గంట మోగగానే అందరూ ఒకటి నుంచి లెక్కబెట్టాలి. మీ డబ్బా నంబరు వచ్చినప్పుడే స్విచ్ ముట్టుకోవాలి. ఈలోపు ముల్లు గీత దాటి పైకొస్తే మిగతావాళ్లు ముట్టుకోవద్దు. మళ్లీ వేసుకునేటప్పుడూ అదే లెక్క.

ఒకటో నంబరు యాకూబ్‌ది. ఆఖరిది, నూట అరవై, ఓదేలుది. లోతూరుకు అందరికన్నా చివర వచ్చిన ఇల్లు.

భాగ్య లేచి నిలబడింది. రెండు రోజులుగా దాచుకున్నదంతా బయటికొచ్చింది.

"నా మొగనికి దమ్ము ఆడకపోతుంటే నన్ను నూట అరవై లెక్కబెట్టుమంటవా? నీ మొగడైతే లెక్కబెడుదువా సరోజనక్కా?"

"నీ ఇంటినే కాదు, ఎవరినీ ఉరకద్దంటున్న బిడ్డా. ఉరికితేనే పడ్డం."

"ఊళ్లె అందరు భుజం పడితే, మేం చేతులు కట్టుకొని నిలవడాల్నా? ఆయనకు ఎంత సిగ్గయితది?"

ఆమెను చూస్తే నాకూ ఏడుపొచ్చింది. ఆమె కోపంతో ఇంటికి వెళ్లిపోయింది. అరగంట తర్వాత తిరిగొచ్చి, పలక నా చేతిలో పెట్టింది. ఓదేలు చేతిరాత వంకరగా ఉంది: "160 నాది. ఎవరికియ్యకు. మిషన్ ముట్టద్దు, బల్బు ఆర్పుతం."

అందరూ నవ్వారు, భాగ్య కూడా. నేను పలక మీద మొహం పెట్టుకుని ఏడ్చాను.

రోజు 22
కనిష్ఠం 49.1. గరిష్ఠం 50.2. ఆకాశం: తెరపి.

గంట మోగింది. ముప్పై నాలుగో నంబరు దగ్గర ముల్లు గీత దాటింది. ఒక్క పడడం, ఒక్క లేవడం. కాగితం మీద మెట్లు దిగి మెట్లు ఎక్కినట్టుంది. ఉయ్యాల లేదు.

కాగితం ముక్క చింపి యాకూబ్‌కు ఇచ్చాను. గిర్ని గోడకు అంటించుకున్నాడు.

రోజు 29
కనిష్ఠం 49.1. గరిష్ఠం 50.2. ఆకాశం: మబ్బు.

ఇప్పుడు ఇంకో లొల్లి. వంద దాటిన నంబర్ల వాళ్లకు ఎప్పుడూ వంతే రావడం లేదట. నూట పదకొండో నంబరు నర్సవ్వ క్యాబిన్‌కు వచ్చి దెబ్బలాడింది.

"వారం సంది లెక్కబెడుతున్న, ఒక్కనాడన్న నా దాక రానిస్తలేరు. ముందటోళ్లే అంత పుణ్యం కట్టుకుంటే మా గతేంది?"

సాయం చేయనివ్వడం లేదని నాతో దెబ్బలాడే ఊరు ఇంకెక్కడైనా ఉందా? ఆమెకు చాయ్ పోసి పంపాను. ఆమె వెళ్లాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఎంత అదృష్టవంతురాలినో అనుకున్నాను.

ఒకటి రాయడం మరిచిపోయాను. మనసులో లెక్కబెట్టమని చెప్పాను గానీ జనం గట్టిగా లెక్కబెడుతున్నారు. గుంత కదా, ప్రతి గొంతూ అవతలి గోడకు తగిలి తిరిగొస్తుంది. క్యాబిన్‌లో కూర్చుంటే ఊరంతా ఎక్కాలు చదువుతున్నట్టుంటుంది. వంతు వచ్చినవాళ్లు స్విచ్ కట్టేసి ఊరుకుంటారు. ముల్లు లేచిందని చూసి మిగతావాళ్లు ఊరుకుంటారు.

ఓదేలు ఇవాళ దిండు ఆనుకుని కూర్చున్నాడు. మాట్లాడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

రోజు 38
కనిష్ఠం 48.6. గరిష్ఠం 50.1. ఆకాశం: గాలిదుమ్ము.

4.35కి ఉత్తరం నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. రెండు నిమిషాల్లో పైనున్న పలకలు కనిపించకుండా పోయాయి. చక్రం మోత కొంచెం బరువెక్కింది. నాకు అది చెవితో కాదు, అరికాళ్లతో తెలుస్తుంది. గంట మోగింది.

"ఒకటి" అని లోతూరంతా అంది. గిర్ని ఆగింది.

నా డబ్బా నంబరు ఇరవై మూడు. క్యాబిన్ ఫ్యాను కట్టేశాను. ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు. మెయిన్ బోర్డు మీద చెయ్యి పెట్టాలని ఎంత లాగుతోందో చెప్పలేను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ముల్లు 49.0. మామూలుగా నలభై లోపే లేచేది. అరవై అయింది. ఇళ్లు ఇస్తున్నాయి, దుమ్ము గుంజుకుంటోంది. ఎనభై. 48.8. వంద. 48.7. నూట పదకొండు దగ్గర నర్సవ్వ గొంతు గెలిచినట్టు గట్టిగా అరిచి ఆగింది. నూట ఇరవై. 48.6. ఇంకో రెండు గీతలు పడితే మిషన్ ఆగుతుంది. అక్కడే నిలబడింది ముల్లు, వణుకుతూ. అంతకు కిందికి పడలేదు.

వంతు అయిపోయిన గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఊరు పలచబడుతోంది. నూట నలభై. 48.9. నూట యాభై. 49.1. పది ఇళ్ల గొంతులే మిగిలాయి. నేను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. నూట యాభై ఆరు. నూట యాభై ఏడు. పడమటి మెట్టు చివరి ఇంటి నుంచి వస్తున్నది భాగ్య గొంతే అనుకున్నాను.

నూట యాభై ఎనిమిది. భాగ్య గొంతు కాదు.

మగ గొంతు. బొంగురుగా, మాట మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా. నాలుగు నెలలుగా ఈ గుంతలో ఎవరూ వినని గొంతు.

"నూట... యాభై... తొమ్మిది."

మధ్యలో అతనికి ఒక్క దగ్గు కూడా రాలేదు.

"నూట అరవై."

ఆ ఇంటి కిటికీలో బల్బు ఆరింది. ముల్లు గీత దాటింది. నలభై వాట్ల బల్బుకు ముల్లు కదలదు, ఇది నా పని, నాకు తెలుసు. దుమ్ము అప్పటికే పలచబడుతోంది. కాగితం మీద ఎంత వెతికినా ఆ బల్బు గీత కనిపించదు.

కింది మెట్టు నుంచి ఎవరో ఏడవడం వినిపించింది. తర్వాత యాకూబ్ గొంతు, గుంత అడుగు నుంచి, "ఓదేలన్నా! మల్లొక్కపారి చెప్పే!"

"మాట్లాడొద్దన్నానా!" అని డాక్టరమ్మ ఎక్కడి నుంచో కేకేసింది. ఊరంతా నవ్వింది. మళ్లీ స్విచ్‌లు వేసుకోవడానికి ఒకటి నుంచి లెక్క మొదలైంది, కానీ ఈసారి నవ్వులో అంకెలు కలిసిపోయాయి. ఇరవై మూడు ఎప్పుడు వచ్చి వెళ్లిపోయిందో నాకు తెలియలేదు. ఫ్యాను వేసుకోలేదు.

కాగితం చుట్టలో అతని వంతు రావాల్సిన చోట, ఖాళీ మీద, నేనే పెన్నుతో ఒక చిన్న గీత గీశాను. రిమార్కుల గడిలో ఇంతే రాశాను: నూట అరవై వినబడింది.